శాలువా, సంభావన, సొంత ఖర్చు: నాట్యం చేసేవాళ్లు ఏ ప్రోగ్రాం ఒప్పుకోవాలి, ఏది వదిలేయాలి

మా ఇంటి అటక మీద రెండు అట్టపెట్టెల నిండా మెమెంటోలున్నాయి. శాలువాలైతే ఇంకొకరికి కప్పేయొచ్చు. మెమెంటో మీద మన పేరు చెక్కించి మరీ ఇస్తారు కాబట్టి అది ఎవరికీ పనికిరాదు. ఇరవై ఏళ్లుగా కూచిపూడి ఆడుతూ, నేర్పుతూ నేను కూడబెట్టిన ఆస్తుల్లో ఎక్కువ చోటు పట్టింది అదే.

పన్నెండేళ్ల క్రితం ఒక చిన్న పట్నంలో ఉగాది సంబరాలకి నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. పిలిచిన సంఘం పేరు ఎందుకులెండి. అంతా అయ్యేసరికి రాత్రి పదిన్నర. మేం మేకప్ తుడుచుకుంటుంటే స్టేజీ కింద సౌండ్ సిస్టమ్ అబ్బాయి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "బ్యాలెన్స్ ఇస్తేనే సార్, వైర్లు చుట్టేది" అన్నాడు. కార్యదర్శిగారు గొణుక్కుంటూనే జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టి ఇచ్చారు. షామియానా ఆయన, యాంకరమ్మాయి, ఫొటోగ్రాఫరు వరసగా ఎవరి కవరు వాళ్లు తీసుకున్నారు. చివరికి మా వంతు వచ్చింది. "మా ఇంటి ఆడపిల్లల్లా వచ్చి చేశారమ్మా" అంటూ తలా ఒక శాలువా కప్పి, చేతిలో మెమెంటో పెట్టారు. తిరుగు దారిలో కారు డ్రైవరు అడిగాడు, "మీకెంతిచ్చారు మేడమ్?" అని. అతని కిరాయి నేనే ఇవ్వాలి.

అప్పటినుంచి ప్రోగ్రాం అంటూ ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒకటే. "ఆ రోజు ఎవరెవరికి డబ్బులిస్తున్నారండీ?"

ఉచితంగా ఆడటం తప్పని నేననను. మైకు పెట్టేది కమిటీ సభ్యుడి బావమరిది, వంట వీధిలో ఆడవాళ్లది, స్టేజీ గుడిది, ఎవరూ పైసా తీసుకోవట్లేదు అంటే నేనూ గజ్జె కట్టి సంతోషంగా ఆడతాను, ఆడాను కూడా. టెంటుకీ లైట్లకీ ఫ్లెక్సీకీ డబ్బుండి, నాట్యం దగ్గరికొచ్చేసరికి మాత్రం బడ్జెట్ లేదంటే, ఆ టెంటు అద్దెలో కొంత నేను కడుతున్నట్టే. ఈ ఒక్క ప్రశ్నతో సగం ఫోన్లు తేలిపోతాయి. మిగతా సగానికి కాస్త లెక్క కావాలి. ఇప్పుడిప్పుడే వేదికలెక్కుతున్న పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

"కళని అమ్ముకుంటావా అమ్మా?"

డబ్బు మాట ఎత్తగానే వినిపించే మాట ఇది. ఎక్కువగా అనేది బాగా స్థిరపడినవాళ్లే. దీనికి జవాబు కూచిపూడి ఊరే. 1672 నుంచి 1687 దాకా గోల్కొండని ఏలిన అబుల్ హసన్ తానీషా, భాగవతుల (ఈ నాట్యాన్ని తరతరాలుగా ఆడిన కుటుంబాల) ప్రదర్శన చూసి మెచ్చి ఆ ఊరిని వాళ్లకి అగ్రహారంగా ఇచ్చాడని అక్కడ ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా చెప్తారు. అంటే మనం ఏ ఊరి పేరుతో ఈ నాట్యాన్ని పిలుస్తున్నామో, ఆ ఊరే ఒక పారితోషికం. భాగవత మేళాలని ఊరికి పిలిపించాలంటే బయానా ఇచ్చి రోజు ఖాయం చేసుకోవాల్సిందే. తిండి, బస పిలిచిన ఊరిది. ఆట మధ్యలో చదివింపులు సరేసరి. గుళ్లో ఆడిన కళావంతుల కుటుంబాలకి మాన్యాలు, అంటే పన్ను లేని భూములు, ఉండేవి. ఆ మాన్యాల వెనకున్న అన్యాయాలు వేరే పెద్ద కథ, దాన్ని ఇక్కడ రెండు ముక్కల్లో తేల్చేయడం నాకిష్టం లేదు. కానీ "దేవుడి ముందు నాట్యం ఎప్పుడూ ఉచితమే" అనేది మాత్రం చరిత్ర కాదు. ఈ మధ్యే మొదలైన అలవాటు.

ఎదురు డబ్బు కట్టి ఆడేవి

అన్నిటికంటే ముందు దీని గురించే చెప్పాలి, పిల్లలకి ఎక్కువగా వచ్చే "అవకాశం" ఇదే కాబట్టి. మెసేజ్ ఇలా ఉంటుంది: ఫలానా రోజు రికార్డు ప్రదర్శన, ఒక్కొక్కరికి ఇంత రిజిస్ట్రేషన్ ఫీజు, సర్టిఫికెట్, మెడల్, గురువుకి ప్రత్యేక సన్మానం. ఇంకో రకం కూడా ఉంది. ఫీజు కడితే "నాట్య మయూరి" లాంటి బిరుదు, కాస్త ఎక్కువ కడితే పేరు ముందు ఇంకో విశేషణం.

వేలమంది కలిసి ఆడటంలో ఒక ఆనందం ఉంది, కాదనను. 2010 డిసెంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా కలిసి కూచిపూడి ఆడి గిన్నిస్‌కెక్కారు. ఆ గుంపులో ఉన్నవాళ్లు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. అదే వరసలో 2024 డిసెంబరు 29న కొచ్చి కలూరు స్టేడియంలో 11,600 మందికి పైగా భరతనాట్యం ఆడారు. రికార్డు వచ్చింది. కానీ ఆ వేదిక మీంచి ఎమ్మెల్యే ఉమా థామస్ కిందపడి తీవ్రంగా గాయపడ్డారు, పోలీసు కేసులయ్యాయి. ఆడినవాళ్ల దగ్గరే డబ్బు వసూలు చేసిన సంగతి అప్పుడు పెద్ద గొడవై బయటికొచ్చింది. ప్రమాదం జరక్కపోతే ఆ ఫీజుల గురించి ఎవరూ అడిగేవాళ్లు కాదేమో.

మీకు అలాంటి పిలుపొస్తే మూడు విషయాలు చూడండి. టికెట్లు, స్పాన్సర్లు ఉన్నారా? ఉంటే మీ ఫీజు దేనికి? చీరో కాస్ట్యూమో మేము చెప్పినచోటే కొనాలంటున్నారా? అంటుంటే అక్కడ ఎవరికో కమీషన్ ఉంది. ఆ సర్టిఫికెట్ తర్వాత దేనికైనా పనికొస్తుందా? స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లు మెడల్ చూడరు, అడుగు చూస్తారు. పాప సరదా పడుతోంది, ఫీజు మీకు భారం కాదు అంటే ఒకసారి పంపండి, విహారయాత్రకి పంపినట్టు. దాన్ని కెరీర్ అనుకోకండి. బిరుదులు కొనడానికైతే ఒకసారి కూడా వద్దు. ఆ డబ్బుతో మంచి గజ్జెల జత వస్తుంది.

ఉచితం, కానీ ఆలోచించదగ్గవి

ఇందులో మొదటిది గుడి. తిరుమల నాదనీరాజనం వేదిక, శ్రీశైలంలో సాయంత్రాల నిత్య కళారాధన, ఊరి అమ్మవారి నవరాత్రులు. తెలుగువాళ్లలో నాట్యం నేర్చుకున్నవాళ్లెవరికైనా వీటి మీద ఒక మమకారం ఉంటుంది. నాకూ ఉంది. అయితే ఇక్కడ కూడా భక్తిని, నిర్వహణని కలిపేయకూడదు. నేను ఆడే తరంగం స్వామికి. నాతో వచ్చిన పదిమంది పిల్లలకి గది, భోజనం, బస్సు కిరాయి చూడాల్సింది పిలిచినవాళ్లు. మన అంతట మనం దరఖాస్తు పెట్టుకుని వెళ్లేది ఒకటి, వాళ్లు పిలిస్తే వెళ్లేది ఇంకొకటి. మొదటిదానికి ఖర్చు మనమే పెట్టుకుంటాం, అది మొక్కుబడి లాంటిది. రెండోదానికి కనీసం ప్రయాణం ఖర్చు అడగడంలో అపచారమేమీ లేదు. నేను ఏడాదికి రెండు గుళ్లు నా ఖర్చుతో అని లెక్క పెట్టుకున్నాను. మూడో గుడి నుంచి ఫోన్ వస్తే వచ్చే ఏడాదికి రాసుకుంటాను.

రెండోది గురువుగారి బ్యాలే. ఇది సున్నితమైన విషయం. నేర్చుకునే రోజుల్లో గురువుగారి నృత్యనాటకంలో చెలికత్తెగా వెనక వరసలో నిలబడటం కూడా చదువే. వేదిక మీద ఎక్కడ నిలబడాలో, పక్కవాళ్లు అడుగు తప్పితే ఎలా సర్దుకోవాలో క్లాసులో ఎవరూ నేర్పలేరు. దానికి డబ్బు అడగాలని నాకెప్పుడూ అనిపించలేదు. కానీ పన్నెండేళ్లు నేర్చుకుని, డిప్లొమా చేసి, ముఖ్య పాత్ర వేస్తున్న అమ్మాయి, సంస్థకి డబ్బొచ్చే ప్రోగ్రాంలో కూడా ఇంకా "శిష్యురాలే" అనుకోవడం ధర్మం కాదు. ఆ గీత ఎక్కడ గీయాలి? నా మటుకు నాకు, క్లాసు ఫీజు కట్టడం ఆపేసిన రోజు. ఫీజు కట్టని మనిషి విద్యార్థి కాదు, సహకళాకారిణి. గురువుతో ఈ మాట మాట్లాడటం ఎంత టెన్షనో నాకు తెలుసు. నేను మూడేళ్లు మాట్లాడలేకపోయాను. చివరికి డబ్బని నోరు తెరిచి అడగకుండా, "ఈసారి కారు ఖర్చులు నేను పెట్టుకోలేనండి, మాస్టారూ" అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆయనకి ఆ ఆలోచనే రాలేదు.

మూడోది పేరు కోసం ఆడేది. "ఎక్స్‌పోజర్ వస్తుంది మేడమ్" అంటారు. ఈ మాటని పూర్తిగా కొట్టిపారేయను, ఎందుకంటే కొన్నిచోట్ల అది నిజం. దూరదర్శన్ కళాకారులకిచ్చే గ్రేడుకో, భారత సాంస్కృతిక సంబంధాల మండలి ప్యానెల్‌కో, కేంద్ర సాంస్కృతిక శాఖ ఫెలోషిప్‌కో దరఖాస్తు పెట్టేటప్పుడు ఎక్కడెక్కడ ఆడారో చూపించాలి. ఆహ్వాన పత్రికలు, పేపర్ కటింగులు, మంచి వీడియో. కాబట్టి డబ్బివ్వని సభైనా, ఆహ్వానంలో మీ పేరు వేసి, మంచి లైటింగులో మీకు నలభై నిమిషాల సోలో ఇచ్చి, ఎడిట్ చేయని వీడియో మీ చేతికిస్తే అది మీ ఫైలుకి ఒక కాగితం. అదే సంస్థ పదిహేను గ్రూపులకి తలా ఏడు నిమిషాలిచ్చి, పేరు తప్పుగా చదివి, ముఖ్య అతిథి రాగానే పాట మధ్యలో ఆపేస్తే? నాకు రెండూ జరిగాయి. ఎంతమంది చూస్తారన్నది పక్కన పెట్టండి, ఇంటికి ఏ కాగితం తెచ్చుకుంటానో అడగండి. అలాంటివి మొదటి రెండు మూడేళ్లు సరిపోతాయి. ఫైలు నిండాక ఆ కారణం చెల్లదు.

సంభావన ఉన్నవి, చేతికి మిగిలేవి

కవరులో ఎంత ఉందన్నదానికంటే, ఖర్చులు పోగా ఎంత మిగిలిందన్నదే అసలు సంగతి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. ఒక లెక్క వేసి చూద్దాం.

నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక ప్రోగ్రాం, ఐదుగురికి కలిపి 15,000 అన్నారనుకుందాం. వినడానికి బాగుంది. కారుకి 5,500. మేకప్ ఆర్టిస్టుకి మనిషికి 1,000 చొప్పున 5,000. కాస్ట్యూమ్, నగల అద్దె మనిషికి 800 చొప్పున 4,000. దారిలో టిఫిన్లు, భోజనాలు 1,500. పూలు, పిన్నులు, పారాణి 500. మొత్తం 16,500. అంటే ఐదుగురు ఒక రోజంతా పోగొట్టుకుని, పైన 1,500 ఎదురు పెట్టారు. ఇంకోపక్క మీ ఊళ్లోనే సోలోకి 4,000 అన్నారు. కాస్ట్యూమ్ మీదే, మేకప్ మీరే వేసుకుంటారు. ఆటోకి 300, పూలకి 200. చేతిలో 3,500 మిగిలాయి, రాత్రి తొమ్మిదికల్లా ఇంట్లో ఉన్నారు. మీ ఊళ్లో ధరలు వేరేగా ఉంటాయి, అంకెలు మార్చి వేసుకోండి. రిహార్సల్ రోజులు కూడా మర్చిపోకుండా కలపండి. కొత్త ఐటం కట్టాలంటే పది సాయంత్రాలు పోతాయి, పాత ఐటం అయితే రెండు చాలు. కొత్తది కావాలని అడిగినవాళ్లకి కొత్తదాని రేటే చెప్పాలి.

లైవ్ ఆర్కెస్ట్రా అయితే లెక్క మొత్తం తలకిందులవుతుంది. నట్టువాంగం (తాళం వేసి నాట్యాన్ని నడిపించేది), గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు. ఐదుగురూ తమ రేటు ముందే చెప్తారు, చెప్పాలి కూడా. నాట్యం చేసే మనిషి సభవాళ్లిచ్చింది వాళ్లకి పంచి, చాలకపోతే తన సొమ్ము కలిపి, చివరికి తను శాలువాతో ఇంటికెళ్లడం మన రంగంలో మామూలైపోయింది. మృదంగం ఆయన్ని తప్పుపట్టను. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. ఆయన ఎప్పుడూ "ఎంతైనా ఫర్వాలేదండి" అనడు. సంభావన సరిపోకపోతే రికార్డెడ్ మ్యూజిక్‌తో ఆడతానని నిర్వాహకులకి చెప్పేయండి. లైవ్ కావాలంటే వాద్యాల ఖర్చు వాళ్లే విడిగా ఇవ్వాలి.

ప్రభుత్వ సాంస్కృతిక శాఖల ప్రోగ్రాంలు ఈ కోవలోనివే. డబ్బు ఖాయంగా వస్తుంది, కానీ నెమ్మదిగా వస్తుంది. బిల్లు, బ్యాంకు వివరాలు, పాన్ కాపీ అదే రోజు ఇచ్చేసి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. వచ్చే నెల అద్దెకి ఆ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రోగ్రాంలు తప్ప ఇంకో దారి లేదనుకునేవాళ్లు స్కాలర్‌షిప్‌లు కూడా పక్కన పెట్టి చూడండి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్లవాళ్లకి నెలకి 5,000 చొప్పున రెండేళ్లు ఇస్తుంది. 25 నుంచి 40 ఏళ్లవాళ్లకి జూనియర్ ఫెలోషిప్ నెలకి 10,000, నలభై దాటినవాళ్లకి సీనియర్ ఫెలోషిప్ 20,000, అవీ రెండేళ్లే. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకైతే సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) స్కాలర్‌షిప్ ఉంది. రెండేళ్లపాటు నెలకి 5,000 అంటే, ఏ శాలువా కోసమూ పరిగెత్తకుండా కూర్చుని సాధన చేసుకోవచ్చు. ఆ దరఖాస్తు నింపడానికి పట్టే రెండు రోజులు ఏ రికార్డు ప్రదర్శన కంటే విలువైనవే.

పెళ్లిళ్లు, కంపెనీ ఫంక్షన్లు

డబ్బు ఎక్కువ ఉన్నది ఇక్కడే, చిన్నచూపు ఎక్కువ ఉన్నదీ ఇక్కడే. మనవాళ్లే చూస్తారు చిన్నచూపు. "రిసెప్షన్లో ఆడిందట" అని. నేను ఆడాను. ఒకవైపు ప్లేట్ల చప్పుడు, మరోవైపు డ్రోన్ కెమెరా రొద, మధ్యలో దశావతారాలు. కళాపరంగా అది నాకేమీ ఇవ్వలేదు, కానీ ఆ ఏడాది మా క్లాసుకి కొత్త నేల చెక్క వేయించింది ఆ రెండు రిసెప్షన్లే. ఏది ఒప్పుకుంటారో ముందే స్పష్టంగా చెప్పండి. గుమ్మం దగ్గర నిలబడి పూలు చల్లడం నాట్యం కాదు, అది వేరే పని, దానికి వేరే మనుషులుంటారు. ఈవెంట్ మేనేజర్ ద్వారా వస్తే అసలు పార్టీ ఎంతిస్తోందో మీకు తెలియదు. తెలుసుకోవాలని తాపత్రయపడకండి, మీ రేటు మీరు చెప్పండి. సగం బయానా అకౌంట్లో పడ్డాకే తేదీ రాసుకోండి, మిగతాది మేకప్ మొదలుపెట్టేలోపు. అడగడానికి మొహమాటంగా ఉంటే ఆ సౌండ్ అబ్బాయిని తలుచుకోండి.

టీవీ, సినిమా, విదేశం

వీటిని గబగబా చెప్పేస్తాను, నా అనుభవం తక్కువ.

టీవీ షోల్లో పిల్లల్ని పెట్టేవాళ్లు ఒక నిబంధన తెలుసుకోవాలి. 2017 నాటి బాలకార్మిక నియమాల ప్రకారం బాల కళాకారుల చేత రోజుకి ఐదు గంటలకి మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా వరసగా మూడు గంటలు దాటకూడదు, వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పిల్లల పేరు మీదే బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేయాలి. "ప్రాక్టీసుకి డబ్బుండదు, కాస్ట్యూమ్ మీదే" అన్నవాళ్లని ఈ నియమం గురించి ఒక్క మాట అడగండి. జవాబు చెప్పే తీరులోనే చాలా తెలుస్తుంది.

సినిమా గ్రూప్ డాన్సర్లకి యూనియన్ ఉంది, రోజుకింత అని ఖరారైన వేతనం ఉంది. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం పెంపు అడిగి రెండు వారాలకి పైగా షూటింగులు ఆపారు. చివరికి రోజుకి 2,000 లోపు వేతనం ఉన్నవాళ్లకి మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం ఖాయమైంది. శాస్త్రీయ నాట్యం చేసేవాళ్లం వేలమందిమి కలిసి ఒక్క స్టేడియంలో ఆడగలిగాం కానీ, ఒక్క రేటు కార్డు రాసుకోలేకపోయాం.

అమెరికా వేసవి సభలకీ వర్క్‌షాపులకీ పిలుపొస్తే ముందు వీసా అడగండి. విజిటర్ వీసా మీద వెళ్లి డబ్బు తీసుకుని ఆడితే ఇబ్బందుల్లో పడేది పిలిచినవాళ్లు కాదు, మీరు. సంప్రదాయ కళాకారులకి పీ-3 అనే వీసా ఉంది, దానికి పిటిషన్ పిలిచిన సంస్థ వేయాలి. వేయలేమంటే ఇంటి ఆతిథ్యానికి, ఊరు చూపిస్తామన్న మాటకి పడిపోకండి.

క్లాసు, స్కూల్ యాన్యువల్ డే

నాకు తెలిసినవాళ్లలో నాట్యం మీద ఇల్లు గడుపుతున్న ప్రతి ఒక్కరికీ ఆధారం క్లాసే. స్టేజీ కాదు. ఒప్పుకోవడానికి కొంచెం చిన్నతనంగా ఉంటుంది కానీ నిజం ఇదే. కాబట్టి ఏ ప్రోగ్రాం వచ్చినా దాన్ని పోల్చాల్సింది ఆ రోజు మీరు రద్దు చేసుకునే క్లాసులతో. శని, ఆదివారాల ప్రోగ్రాం కోసం రెండు బ్యాచ్‌లు మానేస్తే, ఆ ఫీజు కూడా ఖర్చులో వేసుకోవాలి. తల్లిదండ్రులు రెండుసార్లు ఊరుకుంటారు, మూడోసారి పాపని కరాటేలో చేరుస్తారు.

స్కూళ్ల యాన్యువల్ డే సీజన్ మంచి ఆదాయం. కాకపోతే ఐటంకి ఇంత అని మాట్లాడుకోండి, మొత్తానికి ఇంత అనొద్దు. మొత్తానికి ఒప్పుకుంటే నాలుగు ఐటంలు తొమ్మిదవుతాయి, ప్రిన్సిపాల్‌గారి అమ్మాయి కోసం పదోది కూడా వస్తుంది.

ఒప్పుకున్నాక కాగితం సంగతి

పెద్ద ఒప్పంద పత్రాలు అక్కర్లేదు. ఫోన్‌లో మాట్లాడాక వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి: తేదీ, వేదిక, ఎంతమంది, ఎన్ని నిమిషాలు, సంభావన ఎంత, బయానా ఎంత, కారు ఎవరిది, భోజనం ఎవరిది, గ్రీన్ రూమ్‌కి తలుపు ఉందా. నవ్వకండి, ఆ చివరిది నేను మూడుసార్లు దెబ్బతిన్నాక చేర్చాను. అవతలివాళ్లు "ఓకే అమ్మా" అని జవాబిస్తే చాలు, రేపు గుర్తులేదనలేరు.

పన్నుల గురించి అనవసరంగా భయపడతారు. శాస్త్రీయ, జానపద నాట్య ప్రదర్శనకి తీసుకునే మొత్తం ఒక్కో ప్రదర్శనకి 1,50,000 దాటనంతవరకు జీఎస్టీ లేదు. ఒకే సంస్థ మీకు ఏడాదిలో 50,000 దాటి ఇస్తే 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను, పట్టుకుంటుంది, మీ ఆదాయం పన్ను పరిమితిలోపు ఉంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే ఇంకా ఎక్కువ పట్టుకుంటారు. మీ నాట్య పాఠశాలని చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ముందే నమోదు చేసుకోండి, దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు. అలా నమోదైన చిన్న సంస్థకి బిల్లు 45 రోజుల్లోపు చెల్లించాలని చట్టం ఉంది, ఆలస్యమైతే వడ్డీ కూడా. కంపెనీలకి బిల్లు పంపేటప్పుడు కింద ఉద్యమ్ నంబరు వేయండి. గొడవ పడక్కర్లేదు, ఆ నంబరు చూస్తే అకౌంట్స్ వాళ్లకి అర్థమవుతుంది.

వీడియో కూడా డబ్బే. కాపీరైట్ చట్టం ప్రకారం ప్రదర్శన మీద ప్రదర్శించినవాళ్లకి హక్కులున్నాయి, 2012 సవరణ వాటిని ఇంకా స్పష్టం చేసింది. మీ అనుమతి లేకుండా రికార్డు చేసి వ్యాపారానికి వాడుకోవడం, మీ పేరు లేకుండా వేయడం కుదరదు. మీరు కట్టిన కొరియోగ్రఫీని వీడియోగానో నోట్సుగానో భద్రపరిస్తే దానికీ రక్షణ ఉంటుంది. కాబట్టి సంభావన తక్కువైనచోట వీడియో వాళ్ల యూట్యూబ్ ఛానల్లో పెట్టుకోవడానికి ఒప్పుకోవాలా, దానికి బదులు ఏం అడగాలి అన్నది కూడా బేరంలో భాగమే.

మనమే పిలిచేవాళ్లమైనప్పుడు

పైన చెప్పినదంతా చదివి తలూపే టీచర్లలో చాలామంది, తమ బ్యాలేలో ఆడే పెద్ద పిల్లలకి పైసా ఇవ్వరు. నేనూ ఇవ్వలేదు, చాలాకాలం. సభవాళ్లు నాకిచ్చింది తక్కువ కాబట్టి పిల్లలకి ఇవ్వలేనని సర్దిచెప్పుకునేదాన్ని. అదే మాట కార్యదర్శిగారు నాతో అంటే కోపం వచ్చేది. ఇప్పుడు ఫీజు కట్టని పెద్ద పిల్లలకి, వచ్చిన దాంట్లో ఖర్చులు పోను మిగిలింది సమంగా పంచుతాను. ఒక్కోసారి తలా మూడు వందలే వస్తాయి. కాగితం మీద లెక్క రాసి అందరికీ చూపిస్తాను. మా డిగ్రీ పిల్ల ఒకతి మొదటిసారి ఆ మూడు వందలు తీసుకుని, "అక్కా, కారుకి ఇంతయ్యిందా? ఈసారి రైల్లో వెళ్దాం" అంది. అప్పటినుంచి నర్సాపురం వైపు ప్రోగ్రాంలకి రైల్లోనే వెళ్తున్నాం.

పోయిన వారం ఒక కార్యదర్శిగారు ఫోన్ చేశారు. వార్షికోత్సవం, ఆరుగురు పిల్లలతో గంట ప్రోగ్రాం కావాలి, "మీ సంస్థకి మంచి పేరొస్తుందమ్మా" అన్నారు. ఎవరెవరికి డబ్బులిస్తున్నారండీ అని అడిగాను. సౌండ్‌కి, లైట్లకి, హాలుకి, క్యాటరింగ్‌కి అని ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చి ఆగిపోయారు. కాసేపాగి, "కమిటీలో మాట్లాడి చెప్తానమ్మా" అన్నారు. ఇంకా చెప్పలేదు. ఆ శనివారం సాయంత్రం నాలుగున్నర బ్యాచ్‌కి ఎప్పట్లాగే రమ్మని పిల్లలకి మెసేజ్ పెట్టాను.